రాత్రి పాళీ పని - జీవ గడియారం

రాత్రి పాళీ పని అనగా సామాన్య జనులు నిద్రించే వేళలో ఉద్యోగరీత్యా మేలుకొని చేసే పని. వాడుకలో దీనిని నైట్ డ్యూటీ లేదా నైట్ షిఫ్ట్ అంటారు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1990లో ఆమోదించిన ఒడంబడిక ప్రకారం, అర్ధరాత్రి నుండి ఉదయం 5 గంటల వరకు గల కాలాన్ని కలుపుకొని, వరుసగా ఏడు గంటలకు తగ్గకుండా చేసేది రాత్రి పని. ఆసుపత్రులలోని నర్సులు, బొగ్గు గనులలోను, ఉక్కు కర్మాగారాలలోను పనిచేసే కార్మికులు, రైలు, బస్సు చోదకులు, పోలీసులు, కాల్ సెంటర్ల ఉద్యోగులు ఈ పాళీలో పనిచేసేవారిలో ముఖ్యులు.

రాత్రి పాళీ వలన కలిగే అనారోగ్యానికి నిద్ర చాలకపోవడం ఒక్కటే కారణమని చాలాకాలం భావించారు. పగలు ఆ నిద్ర తీర్చుకుంటే సరిపోతుందని, కొన్నాళ్ళు చేస్తే ఒళ్ళు అదే అలవాటు పడుతుందని ఇప్పటికీ పలువురి నమ్మకం. హార్మోనులను గంట గంటకు కొలిచి చూసిన పరిశోధనలు ఈ రెండు నమ్మకాలనూ బలపరచలేదు. మనిషి రాత్రి పనిచేసినా అతని గ్రంథులు చాలావరకు పగటి వేళలనే పాటిస్తాయి. ముఖ్యంగా ఒత్తిడి హార్మోను అని పేరుపడిన కార్టిసాల్ విషయంలో ఇది స్పష్టంగా కనిపిస్తుంది.

జీవ గడియారం

ప్రాణులలో కాలాన్ని కొలిచే ఏర్పాటు ఉన్నదని మొదట సూచించినది ఒక మొక్క. 1729లో ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త దె మెరాన్ అత్తిపత్తి జాతి మొక్కను చీకటిలో ఉంచి గమనించాడు. సూర్యరశ్మి సోకకపోయినా దాని ఆకులు పగలు విచ్చుకొని రాత్రి ముడుచుకొన్నాయి. అంటే కాలజ్ఞానం మొక్క లోపలే ఉన్నదన్నమాట. ఇటువంటి లయకు 1959లో ఫ్రాంజ్ హాల్‌బెర్గ్ 'సర్కేడియన్' అని పేరు పెట్టాడు. లాటిన్ మూలాన్ని బట్టి దీనికి 'ఇంచుమించు ఒక దినం' అని అర్థం.

ఈ 'ఇంచుమించు' అన్న మాటలోనే ఒక మెలిక ఉన్నది. మనిషి లోపలి గడియారం సరిగ్గా 24 గంటలకు తిరగదు. మసక వెలుతురులో, బయటి కాలం తెలియకుండా ఉంచి కొలిచినప్పుడు సగటున 24 గంటల 10 నిమిషాలకు కొంచెం పైగా తేలింది. ఆ కొద్దిపాటి తేడాను ప్రతిరోజూ సరిదిద్దేది సూర్యకాంతి. తెల్లవారి వెలుతురు కంటబడినప్పుడు గడియారం ముందుకు జరిగి లోకంతో సరిపడుతుంది.

క్షీరదాలలో ఈ గడియారం ఉండే చోటును 1972లో గుర్తించారు. మెదడు అడుగుభాగాన గల హైపోథాలమస్‌లో, రెండు కళ్ళ నుండి వచ్చే దృక్ నాడులు ఒకదానినొకటి దాటుకొనే స్థలానికి సరిగ్గా పైన, రెండు చిన్న కణ సమూహాలు ఉన్నాయి. వీటిని సుప్రాకియాస్మాటిక్ కేంద్రకాలు అంటారు. రెండింటిలోను కలిపి సుమారు 20,000 నాడీకణాలు ఉంటాయి. కంటిలోని నేత్రపటలంలో చూపుతో అంతగా సంబంధం లేని కొన్ని ప్రత్యేక కణాలు వెలుతురు తీవ్రతను గ్రహించి ఈ కేంద్రకాలకు తెలియజేస్తాయి. ఇవి నీలికాంతికి ఎక్కువగా స్పందిస్తాయి. చూపు పూర్తిగా పోయిన కొందరు అంధులలో సైతం జీవ గడియారం వెలుతురుకు సరిపడటానికి ఈ కణాలే కారణం.

గడియారం లోపలి యంత్రాంగం జన్యువులది. పీరియడ్ అను జన్యువు తయారుచేసే ప్రోటీను కణంలో పోగుపడి, తగినంత అయిన తరువాత తన జన్యువునే అణచివేస్తుంది. ప్రోటీను కరిగిపోగానే జన్యువు మళ్ళీ పని మొదలుపెడుతుంది. ఈ చుట్టు ఒకసారి తిరగడానికి సుమారు ఒక రోజు పడుతుంది. పండ్ల ఈగలలో ఈ విషయాన్ని ఛేదించిన జెఫ్రీ హాల్, మైకేల్ రాస్‌బాష్, మైకేల్ యంగ్‌లకు 2017లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది.

గడియారం మెదడులోనే కాక కాలేయం, క్లోమం, గుండె, కొవ్వు కణజాలం మొదలైన వాటిలో కూడా ఉన్నది. మెదడులోనిది వెలుతురును బట్టి నడిస్తే, కాలేయంలోనిది భోజన వేళలను బట్టి జరుగుతుంది. రాత్రి పాళీ కథలో ఇది ముఖ్యమైన సంగతి.

కార్టిసాల్ దినచర్య

కార్టిసాల్ అధివృక్క గ్రంథుల వల్కలంలో తయారయ్యే హార్మోను. ఈ గ్రంథులు మూత్రపిండాలపై టోపీల వలె అమరి ఉంటాయి. హైపోథాలమస్ పీయూష గ్రంథిని, పీయూష గ్రంథి అధివృక్క గ్రంథిని ప్రేరేపిస్తాయి. రక్తంలో కార్టిసాల్ పెరిగినప్పుడు అది పై రెండింటినీ నిగ్రహిస్తుంది. వల్కలపు హార్మోనులపై చేసిన కృషికి కెండాల్, రైక్‌స్టైన్, హెంచ్‌లకు 1950లో నోబెల్ బహుమతి ఇచ్చారు.

ఒత్తిడి హార్మోను అన్న పేరు ఈ పదార్థానికి కొంత అన్యాయమే చేసింది. భయం, గాయం, జ్వరం వంటివి దీనిని పెంచుతాయన్నది నిజమే. కాని ఏ ఒత్తిడీ లేని మనిషిలో కూడా ఇది ప్రతిరోజూ ఒక క్రమం ప్రకారం పెరిగి తగ్గుతూ ఉంటుంది. నిద్రపోయిన తొలి గంటలలో, అర్ధరాత్రి ప్రాంతంలో, దీని స్థాయి అత్యల్పం. రాత్రి మూడో ఝాము నుండి క్రమంగా పెరిగి, మేలుకొనే వేళకు శిఖరానికి చేరుతుంది. నిద్రలేచిన తరువాత అరగంట నుండి ముప్పావుగంటలో మరొక ఎగుడు కనిపిస్తుంది. ఆ తరువాత పగలంతా తగ్గుతూ పోతుంది. ఆరోగ్యవంతుల రక్తంలో ఉదయం 8 గంటలకు సామాన్యంగా డెసీలీటరుకు 10-20 మైక్రోగ్రాములు ఉంటే, అర్ధరాత్రికి అది 5 లోపునకు దిగుతుంది.

ఇంటి యజమానురాలు అందరికంటే ముందు లేచి పొయ్యి రాజేసినట్లు, మనిషి లేవకముందే కార్టిసాల్ శరీరాన్ని పనికి సిద్ధం చేస్తుంది. కాలేయం నుండి గ్లూకోజును విడుదల చేయించడం, రక్తపోటును నిలబెట్టడం, వ్యాధినిరోధక కణాల దూకుడును అదుపులో ఉంచడం దీని పనులు. అంతేకాక మెదడు గడియారం చెప్పే వేళను ఇతర అవయవాలకు చేరవేసే వార్తాహరులలో ఇది ఒకటి.

దీనికి ఎదురుగా నడిచేది మెలటోనిన్. మెదడులోని పీనియల్ గ్రంథి దీనిని రాత్రివేళ మాత్రమే స్రవిస్తుంది. 1958లో ఆరన్ లెర్నర్ దీనిని వేరుచేశాడు. తీవ్రమైన వెలుతురు మనుషులలో మెలటోనిన్‌ను అణచివేస్తుందని 1980లో రుజువైంది. మెలటోనిన్ తగ్గి కార్టిసాల్ పెరిగే వేళను మన పెద్దలు కోడికూత వేళ అన్నారు. రాత్రి పాళీ ముగించుకొని ఇంటికి వచ్చి పడుకోబోయే వేళ కూడా ఇంచుమించు అదే.

రాత్రి పాళీలో జరిగేది

రాత్రి 10 గంటలకు పనిలో చేరిన నర్సును ఉదాహరణగా తీసుకొనవచ్చును. ఆమె చురుకుగా ఉండవలసిన రాత్రి 1-2 గంటల వేళకు కార్టిసాల్ అట్టడుగున ఉంటుంది. శరీర ఉష్ణోగ్రత పడిపోతూ 4-5 గంటల ప్రాంతంలో కనిష్ఠానికి చేరుతుంది. మందు మోతాదు లెక్కకట్టడంలోను, చీటీ చదవడంలోను పొరపాట్లకు అవకాశమున్న సమయమిదే. ఉదయం విధులు అప్పగించి ఇంటికి చేరి పడుకొనే వేళకు కార్టిసాల్ శిఖరాన ఉంటుంది. గ్లూకోజు విడుదలవుతూ, ఉష్ణోగ్రత పెరుగుతూ ఉండగా నిద్ర పట్టినా నిలవదు. అందువలన పగటి నిద్ర తరచుగా ఐదారు గంటలకు మించదు. వీధిలో కూరగాయల బండి కేక, ఇంటి పిల్లల అల్లరి మాత్రమే నిద్ర చెడగొడుతున్నాయని ఇంట్లోవారు అనుకుంటారు గాని, నిశ్శబ్దమైన ప్రయోగశాల గదిలో కూడా ఈ వేళ నిద్ర తొందరగానే తెగిపోతుంది.

అధివృక్క గ్రంథి లోపలి భాగమైన దవ్వ నుండి వచ్చే అడ్రినలిన్ వ్యవహారం కొంత వేరు. దానికీ రోజువారీ లయ ఉన్నప్పటికీ, అది చేసే పనికి, కదలికకు త్వరగా లోబడుతుంది. అర్ధరాత్రి అత్యవసర రోగి వస్తే అడ్రినలిన్ వెంటనే పెరుగుతుంది. కార్టిసాల్ సైతం కొంత పెరుగుతుంది గాని, దాని దినచర్య మాత్రం అంత తేలికగా చోటు మారదు. ఒకే గ్రంథిలోని రెండు భాగాలు ఈ విధంగా రెండు వేర్వేరు వేళలను పాటించడం రాత్రి పాళీలోని విచిత్రం.

2009లో అమెరికాలోని బోస్టన్ నగరంలో ఫ్రాంక్ షియర్, అతని సహచరులు ప్రచురించిన ప్రయోగం ఈ విషయంలో తరచుగా ఉదహరింపబడుతుంది. పదిమంది ఆరోగ్యవంతులను మసక వెలుతురు గల గదులలో ఉంచి, వారి దినాన్ని 28 గంటలకు సాగదీశారు. నిద్ర, భోజనం ఆ కృత్రిమ దినాన్ని అనుసరించాయి. అంత పొడవైన దినాన్ని జీవ గడియారం అందుకోలేదు కనుక, కొద్ది రోజులలో వారి నిద్రవేళలు గడియారానికి పూర్తిగా తలకిందులయ్యాయి. ఆ స్థితిలో నిద్ర-మెలకువలతో పోల్చినప్పుడు కార్టిసాల్ లయ పూర్తిగా తిరగబడింది. ఆకలిని అణచే లెప్టిన్ 17 శాతం తగ్గింది. ఇన్సులిన్ 22 శాతం పెరిగినా రక్తంలో గ్లూకోజు 6 శాతం అధికమైంది. సగటు రక్తపోటు 3 శాతం పెరిగింది. కొలతలు సరిగా లభించిన ఎనిమిది మందిలో ముగ్గురికి భోజనానంతర గ్లూకోజు మధుమేహానికి ముందటి స్థితికి చేరింది. వీరెవరూ రోగులు కారు. పట్టిన కాలం కొన్ని రోజులు మాత్రమే.

కార్టిసాల్ మొత్తం మీద పెరుగుతుందా, లేక వేళ మాత్రమే తప్పుతుందా అన్న విషయంలో పరిశోధనలన్నీ ఒకే మాట చెప్పడం లేదు. తల వెంట్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది కనుక, వెంట్రుకలో నిలిచిన కార్టిసాల్‌ను కొలిచి గడచిన నెలల లెక్క తీయవచ్చు. నెదర్లాండ్స్‌లో 2011లో వెలువడిన ఇటువంటి పరిశీలనలో పాళీలు మారే కార్మికులకు, ముఖ్యంగా 40 ఏళ్ళ లోపు వారికి, పగటి కార్మికుల కంటే కార్టిసాల్ ఎక్కువగా ఉన్నట్లు, వారి శరీర బరువు సూచిక కూడా ఎక్కువగా ఉన్నట్లు తేలింది. మరికొన్ని పరిశీలనలలో శిఖరం తగ్గి, లయ చదునుగా మారింది. పరిమాణం కంటె వేళ తప్పడమే అసలు చిక్కు అన్న అభిప్రాయం ఈనాడు బలంగా ఉన్నది.

అలవాటు పడటం

ఎల్లప్పుడూ రాత్రి పాళీయే చేసేవారికైనా గడియారం తిరగబడాలి కదా అన్నది సహజమైన ప్రశ్న. మెలటోనిన్ లయను కొలిచిన అధ్యయనాలను 2008లో సైమన్ ఫోకార్డ్ సమీక్షించాడు. శాశ్వత రాత్రి కార్మికులలో పూర్తిగా అలవాటు పడినవారు 3 శాతం లోపే. చెప్పుకోదగినంత సర్దుబాటు కూడా నలుగురిలో ఒకరికంటే తక్కువమందిలోనే కనిపించింది.

దీనికి కారణాలు రెండు. మొదటిది, ఇంటికి వచ్చే దారిలో కంటబడే ఉదయపు వెలుగు. దుకాణాలలో, ఆసుపత్రి వార్డులలో ఉండే దీపకాంతి కొన్ని వందల లక్సులు మాత్రమే కాగా, ఆరుబయట ఎండ పదివేల లక్సులకు పైమాటే. ఆ కాసేపటి వెలుగు గడియారాన్ని మళ్ళీ పగటి వైపునకు లాగుతుంది. రెండవది, సెలవు దినం. ఆ రోజున ఎవరైనా భార్యాబిడ్డలతో, బంధువులతో పగలు గడపాలనే కోరుకుంటారు. గడియారం రోజుకు గంట చొప్పున జరగడమే కష్టం. వారానికొకసారి పాళీ మారేవారికి అది ఎటూ చేరకముందే వేళలు మళ్ళీ మారిపోతాయి. శివరాత్రి జాగరణ ఏడాదికొకటి. వీరిది వారానికి ఐదారు.

ఈ సూత్రాన్ని రుజువుచేసే మినహాయింపులు ఉన్నాయి. ఉత్తర సముద్రంలోని చమురు వేదికలపై వరుసగా రాత్రి పాళీలు చేసే కార్మికులలో చాలామందికి వారం రోజులలో మెలటోనిన్ లయ పగటికి మారినట్లు గమనించారు. అంటార్కిటికా స్థావరంలో, సూర్యుడు కనబడని శీతకాలంలో, రాత్రి విధులు చేసినవారు కూడా అలవాటు పడ్డారు. రెండుచోట్లా ఇంటికి వెళ్ళే దారి లేదు, ఎదురయ్యే ఉదయపు ఎండ లేదు, పగటి సంసారమూ లేదు. చమురు కార్మికుల బాధ వేదిక దిగి ఇంటికి వచ్చిన తరువాతనే మొదలవుతుంది.

వయస్సు ఒక ముఖ్యాంశం. యాభై దాటినవారికి పగటి నిద్ర మరింత తెగిపోతుంది. వేకువనే లేచే స్వభావం గలవారికంటే అర్ధరాత్రి దాకా మేలుకొనే స్వభావం గలవారు రాత్రి పాళీని కొంత తేలికగా భరించగలరు.

దీర్ఘకాల ఫలితాలు

అమెరికాలో 1976లో మొదలైన నర్సుల ఆరోగ్య అధ్యయనం, 1989లో మొదలైన దాని రెండవ విడత ఈ విషయంలో ప్రధాన ఆధారాలు. 2011లో వెలువడిన విశ్లేషణ ప్రకారం, నెలకు మూడు రాత్రులైనా పనిచేస్తూ ఇరవై ఏళ్ళు దాటిన నర్సులకు రెండవ రకం మధుమేహం వచ్చే అవకాశం 58 శాతం అధికం. బరువు పెరుగుదలను లెక్కలోనికి తీసుకుంటే ఈ అధికం 24 శాతానికి తగ్గింది. అనగా రాత్రి పని మొదట లావు చేసి, ఆ దారిన మధుమేహాన్ని తెస్తుందని అర్థం చేసుకొనవచ్చు. గుండెపోటు విషయంలో, పలు దేశాల అధ్యయనాలను కలిపిన 2012 నాటి సమీక్షలో పాళీ కార్మికులకు 23 శాతం అధిక ప్రమాదం కనిపించింది.

క్యాన్సర్ సంగతి వివాదాస్పదం. 30 ఏళ్ళు, అంతకు పైగా రాత్రి పాళీలు చేసిన నర్సులలో రొమ్ము క్యాన్సర్ 36 శాతం అధికమని 2001లో ప్రచురితమైంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2007లో ఇటువంటి పాళీ పనిని 'బహుశా క్యాన్సర్ కారకం' అను 2ఎ వర్గంలో చేర్చి, 2019లో మరల అదే నిర్ణయాన్ని ఖాయపరచింది. డెన్మార్క్ ప్రభుత్వం ఈ వ్యాధి సోకిన కొందరు రాత్రి పాళీ స్త్రీలకు నష్టపరిహారం కూడా చెల్లించింది. అయితే బ్రిటన్‌లో లక్షలాది స్త్రీలను పరిశీలించి 2016లో వెలువరించిన ఫలితాలలో ఈ సంబంధం కనబడలేదు. 2ఎ అన్న ముద్ర ఆధారాల బలాన్ని తెలుపుతుందే గాని ప్రమాదం ఎంత పెద్దదో తెలుపదు. పత్రికలు ఈ భేదాన్ని తరచుగా విస్మరిస్తాయి.

త్రీమైల్ ఐలండ్ (1979), భోపాల్ (1984), చెర్నోబిల్ (1986) దుర్ఘటనలు మూడూ అర్ధరాత్రి దాటిన తరువాత జరిగినవి కనుక వీటిని రాత్రి పాళీ ప్రమాదాలకు ఉదాహరణలుగా చూపడం పరిపాటి. భోపాల్ విషయంలో ఈ వాదనను జాగ్రత్తగా స్వీకరించాలి. అక్కడ శీతలీకరణ యంత్రం ఆపివేయబడి ఉన్నది, విషవాయువును శుద్ధిచేసే, మండించే ఏర్పాట్లు పనిచేసే స్థితిలో లేవు. అటువంటి కర్మాగారంలో తప్పును నిద్రమత్తుపైకి నెట్టడం యాజమాన్యాన్ని కాపాడటమే అవుతుంది.

తెలుగు ప్రాంతాలలో

సింగరేణి గనులలోను, విశాఖ ఉక్కు కర్మాగారంలోను మూడు పాళీల పద్ధతి దశాబ్దాలుగా ఉన్నది. 1990ల చివర హైదరాబాదులో హైటెక్ సిటీ వెలసిన తరువాత చదువుకున్న యువతరం కూడా రాత్రి పనిలోనికి వచ్చింది. అమెరికా తూర్పు తీరంలో ఉదయం 9 గంటలంటే హైదరాబాదులో అక్కడి వేసవిలో సాయంత్రం 6.30, శీతకాలంలో 7.30. అక్కడి కార్యాలయం మూసేసరికి ఇక్కడ తెల్లవారుజాము సమీపిస్తుంది. గని కార్మికుడికి పాళీ మారుతుంది గాని, ఈ ఉద్యోగికి ఏళ్ళ తరబడి అదే వేళ.

ఉష్ణదేశంలో పగటి నిద్రకు మరొక అడ్డంకి వేడి. నిద్ర పట్టాలంటే శరీర ఉష్ణోగ్రత కొంత తగ్గాలి. కోస్తా, తెలంగాణ జిల్లాల వేసవి మధ్యాహ్నం, రేకుల ఇంట్లో, ఇది దుస్సాధ్యం. స్త్రీలకు ఇంటిపని అదనం. రాత్రంతా వార్డులో ఉండి వచ్చిన నర్సు పిల్లలకు క్యారేజీ కట్టి బడికి పంపిన తరువాతనే పడుకుంటుంది. అప్పటికి ఆమె కంటికి చాలినంత ఎండ తగిలి ఉంటుంది.

1948 నాటి ఫ్యాక్టరీల చట్టం స్త్రీలను సాయంత్రం 7 నుండి ఉదయం 6 వరకు పనిలో పెట్టుకోవడాన్ని నిషేధించింది. మద్రాసు హైకోర్టు 2000లో ఈ నిషేధాన్ని కొట్టివేసింది. 2020లో ఆమోదింపబడి 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్య స్మృతి, స్త్రీల సమ్మతితో రాత్రి పనిని అనుమతించింది.

ఉపశమన మార్గాలు

పాళీలను ఉదయం, సాయంత్రం, రాత్రి అన్న వరుసలో ముందుకు మార్చడం మేలు. లోపలి గడియారం 24 గంటలకంటే కొంచెం పొడవైనది కనుక, ఆలస్యంగా పడుకోవడం తొందరగా పడుకోవడం కంటే దానికి సులభం. అమెరికాలోని యూటా రాష్ట్రంలో ఒక ఖనిజ కర్మాగారంలో ఈ పద్ధతిని పాటించి, పాళీని వారానికి బదులు మూడు వారాలకొకసారి మార్చినప్పుడు కార్మికుల సంతృప్తి, ఉత్పత్తి పెరిగినట్లు చార్లెస్ సైస్లర్ బృందం 1982లో ప్రకటించింది. పని తొలి సగంలో బలమైన దీపకాంతి, ఇంటిదారిలో నల్ల కళ్ళద్దాలు, పడకగదికి దళసరి తెరలు గడియారాన్ని జరపడానికి తోడ్పడతాయి. స్వయంగా వాహనం నడిపేవారు నిద్రమత్తులో నల్ల కళ్ళద్దాలు ధరించడం క్షేమం కాదు. పాళీ మధ్యలో ఇరవై నిమిషాల కునుకు మంచిదే గాని, మనదేశంలో చాలాచోట్ల అది క్రమశిక్షణారాహిత్యంగానే పరిగణింపబడుతున్నది. కాఫీ, టీలు పాళీ తొలి గంటలలోనే ముగించాలి. మెలటోనిన్ మాత్రలు పగటి నిద్రను సగటున 24 నిమిషాలు పెంచినట్లు 2014 నాటి సమీక్షలో తేలింది. ఇది పెద్ద లాభమేమీ కాదు.

భోజన వేళ విషయంలో 2021లో వెలువడిన ప్రయోగం ఆశాజనకమైనది. కృత్రిమ రాత్రి పాళీలో ఉంచిన 19 మందిలో, రాత్రి కూడా భుజించినవారికి గ్లూకోజు 6.4 శాతం పెరిగింది. పగలు మాత్రమే భుజించినవారికి పెరగలేదు. వాగ్భటుడు అష్టాంగ హృదయంలో, అలవాటు లేని జాగరణ చేసినవారు మేలుకొన్న కాలంలో సగం, మరునాటి ఉదయం, భోజనం చేయకుండా నిద్రించాలని చెప్పాడు. రెండింటికీ నేరుగా సంబంధం లేదు గాని, జాగరణను ఆహారంతో ముడిపెట్టి చూడటం గమనించదగినది. మధుమేహానికి మందులు వాడేవారు వైద్యుని సలహా లేనిదే భోజన వేళలు మార్చరాదు.

వైద్య పరీక్షలలో జాగ్రత్త

కార్టిసాల్ పరీక్షకు సామాన్యంగా ఉదయం 8 గంటల రక్తాన్ని, కుషింగ్ వ్యాధి అనుమానం ఉన్నచోట రాత్రి 11-12 గంటల లాలాజలాన్ని తీసుకుంటారు. ఈ వేళలు పగటి మనుషుల కోసం ఏర్పడినవి. రాత్రి పాళీలో ఉన్నవారికి అర్ధరాత్రి కార్టిసాల్ తగినంత తగ్గకపోవచ్చు. అంతమాత్రాన లేని వ్యాధి ఉన్నట్లు భ్రమపడే ప్రమాదం ఉన్నది. అధివృక్క గ్రంథుల లోపం అనుమానించినప్పుడు ఉదయపు స్థాయి తక్కువగా రావడం కూడా ఇట్లే తప్పుదారి పట్టించవచ్చు. కనుక పరీక్షకు వెళ్ళేవారు తమ పాళీని, కడపటిసారి నిద్రలేచిన వేళను వైద్యునికి చెప్పి చీటీపై వ్రాయించుకోవాలి. వీలైతే కొన్ని వారాలు పగటి పాళీ చేసిన తరువాతనే ఈ పరీక్ష చేయించుకోవడం ఉత్తమం.